నేను తవుడు కొలిచిన సేరును

ఇనుప రేకుతో చేసిన సేరును నేను. కమ్మరి కొట్టాడు, మెడకు ఇత్తడి పట్టీ వేశారు. నా పుట్టుక అంతే. బుక్కరాయసముద్రం చెరువు కింద ఓ ఊళ్లో శెట్టి అంగడికి చేరాను. కొర్రలు, జొన్నలు, విత్తనపు శనక్కాయలు అన్నీ కొలిచాను. అయినా ఊరంతటికీ నేను తవుడు సేరునే.

ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బతికే జిల్లా మాది. వరి అంటే చెరువు కిందే. చెరువు ఎండిన ఏడు వడ్లు లేవు, వడ్లు లేకపోతే తవుడూ లేదు. బర్రెకు కుడితిలో ఇంత తవుడు కలపాలని ఆడవాళ్లు కొంగు ముడి విప్పి చిల్లర లెక్కపెట్టుకోవడం ఎన్నోసార్లు చూశాను. ఇక్కడ తవుడంటే చులకన కాదు.

అయినా నా మీద ఒక నింద మోపారు. "అమ్మా, నేను ఎట్ల పుట్టినా?" అని ఏ పిల్ల అడిగినా, "నిన్ను తవుడు పోసి కొన్నాం" అంటారు. అవ్వలూ అదే మాట, మేనమామలూ అదే మాట. ఇల్లంతా నవ్వుతుంది. ఊరి తవుడు కొలిచింది నేను. నా కొలతకు బదులుగా ఒక్క బిడ్డా చేతులు మారలేదు.

ఒక మధ్యాహ్నం ఐదారేళ్ల పిల్ల అంగడి మెట్టెక్కింది. గౌను జేబుల నిండా తవుడు. మోకాళ్ల దాకా రాలిపోతోంది.

"తాతా, నన్ను ఎన్ని సేర్లకు కొన్నారు?"

"ఎవరు చెప్పిరిమ్మే నీకు?"

"మాయమ్మే చెప్పె. తమ్ముడు పుట్టినాడు కదా, వాడు మాత్రం అమ్మకే పుట్టినాడంట. నన్ను అమ్మినోళ్లు యాడుంటారు?"

శెట్టి పకపకా నవ్వాడు. ఆ పిల్ల నవ్వలేదు. జేబులోంచి పిడికిళ్లతో తవుడు తీసి నాలో పోసింది. సగం కూడా నిండలేదు. ఆ పిల్ల పెదవి వణికింది. పెద్దలకు అది వేళాకోళం. పిల్లకు మాత్రం సొంత అమ్మ ఎవరో తెలియని భయం.

అదే ఊళ్లో గొర్రెలు కాసే ఇళ్లున్నాయి. అక్కడి పిల్లలకు ఈ బాధ లేదు. గొర్రె ఈనుతుంటే పక్కనే కూర్చుని చూస్తారు, తడిపిల్లను గోనెపట్టాతో తుడుస్తారు. "నువ్వూ ఇట్లే నా కడుపులోంచి వచ్చినావు" అని ఓ తల్లి కొడుకుతో అనడం విన్నాను. వాడు తలూపి ఆటకు పోయాడు. అంతకు మించి ఆ వయసుకు ఏం కావాలి?

తవుడు తెచ్చిన పిల్ల పెద్దమనిషి అయిన రోజు వాళ్లింటికి నన్ను అరువు తీసుకుపోయారు, చిమ్మిలికి నువ్వులు కొలవడానికి. మూల చాప మీద కూర్చోబెట్టి, చుట్టాలను పిలిచి, పాటలు పాడారు. ఆ పిల్లకేమైందో చుట్టూ ఉన్న ఆడవాళ్లందరికీ తెలుసు. ఆ పిల్లకే ఎవరూ చెప్పలేదు. రోగమొచ్చిందనుకుని మోకాళ్లలో తల పెట్టుకుని ఏడ్చింది.

1956లో కొలతల చట్టం వచ్చింది, 1958 అక్టోబరు నుంచి మెట్రిక్ తూకాలు మొదలయ్యాయి. మా ఊరికి ఆలస్యంగా వచ్చినా కిలో రాయి వచ్చి తీరింది. శెట్టి నన్ను కొన్నాళ్లు గూట్లో పెట్టాడు. కొడుకు చేతికి అంగడి వచ్చాక అటక మీదికి విసిరాడు, అంచు సొట్టపోయింది. తరువాత కోళ్లకు నీళ్లు పోశారు. అడుగు తుప్పు పట్టి చిల్లి పడ్డాక పెరట్లో వదిలేశారు. ఎంతో నమ్మకంగా కొలిచాను, అయినా నా ఇత్తడి పట్టీని పాత సామాన్ల వాడికి ఊడదీసి ఇచ్చేశారు. మనుషులకు నాతో పని తీరిపోయింది. నా పేరుతో చెప్పే అబద్ధంతో మాత్రం ఇంకా తీరలేదు.

ఇప్పుడు పదో తరగతి జీవశాస్త్రంలో ప్రత్యుత్పత్తి పాఠం ఉంది. 2021లో రాష్ట్ర ప్రభుత్వం 'స్వేచ్ఛ' పేరుతో ప్రభుత్వ బడుల ఆడపిల్లలకు ఉచితంగా శానిటరీ నాప్కిన్లు ఇవ్వడం మొదలుపెట్టింది. అయినా ఈ పెరటి గోడ అవతల నిన్న సాయంత్రమే ఓ నాయన తన బిడ్డతో "నిన్ను తవుడుకు కొన్నామే" అంటున్నాడు.

అమ్మల్లారా, నాయనల్లారా, బిడ్డ అడిగినప్పుడు "అమ్మ కడుపులో పెరిగి వచ్చినావు" అని చెప్పండి. ఇంకా అడిగితే వయసుకు తగ్గట్టు ఇంకొంచెం చెప్పండి. ఆడపిల్లకు ఆ రోజు రాకముందే చెప్పండి. తవుడు బర్రెలకు పెట్టండి.