అనాథలు కావలెను!

సేవ చేయడానికీ ఫీజు కట్టాల్సిన రోజులివి. కంబోడియాలోని సియెం రీప్ వెళ్తే పొద్దున్నే ఆంగ్‌కోర్ వాట్, మధ్యాహ్నం రెండు గంటలు అనాథలకు ఇంగ్లీషు పాఠం, సాయంత్రం ఫేస్‌బుక్‌లో ఫొటో. పుణ్యం, పురుషార్థం రెండూ ప్యాకేజీలోనే!

చిక్కల్లా అనాథల సరఫరా దగ్గరే. 2005 నుంచి 2010 దాకా ఆ దేశంలో అనాథాశ్రమాలు 75 శాతం పెరిగాయి. అప్పుడు యుద్ధమేమీ రాలేదు, వచ్చింది పర్యాటకులే. ఆశ్రమాల పిల్లల్లో నాలుగింట మూడొంతుల మందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని యునిసెఫ్ చెప్పింది. మంచి చదువు చెప్పిస్తామని పల్లెల నుంచి తెచ్చినవాళ్లే చాలామంది. అమ్మానాన్నలుండగానే అనాథ ఉద్యోగం అన్నమాట! అందులోనూ షరతులున్నాయి. పిల్లాడు బొద్దుగా కనిపిస్తే విరాళం చిక్కిపోతుంది. అందుకే కొన్నిచోట్ల చిరుగు చొక్కానే యూనిఫాం.

ఇక చదువంటారా? ఈ వారం వచ్చిన టీచరమ్మ ‘ఏ ఫర్ యాపిల్’ చెప్పి విమానమెక్కుతుంది. వచ్చేవారం దిగిన బాబు మళ్లీ ‘ఏ ఫర్ యాపిల్’ అంటాడు. ‘బీ’ దాకా వెళ్లడానికి ఎవరి వీసా కూడా చాలదు.

ఆస్ట్రేలియా 2018లో ఆధునిక బానిసత్వ చట్టం తెచ్చినప్పుడు ఈ బాగోతాన్నీ అక్రమ రవాణా లెక్కలోనే చూసింది. సేవామూర్తులు మాత్రం ఇంకా టికెట్లు తీస్తూనే ఉన్నారు. మన దగ్గర గది అద్దెకివ్వాలన్నా ఆధార్ అడుగుతారు. కంబోడియాలో కొన్ని ఆశ్రమాల్లో పసిపిల్లల గదిలోకి వెళ్లాలంటే క్రెడిట్ కార్డు ఉంటే చాలు!