మసిబూసిన ఎమ్‌జీబీ

ఇక బ్రిటన్‌లో వెల్డర్లందరూ వేరే బతుకుతెరువు చూసుకోవాల్సిందే. యాభై అరవై ఏళ్ల ఎమ్‌జీబీ స్పోర్ట్స్ కారు అడుగు రేకును ఒక్క నిప్పురవ్వ ఎగరకుండా, ఒక్క వారాంతంలో, చిల్లర డబ్బులతో బాగుచేసే విద్య వచ్చేసింది కదా! వైర్ బ్రష్‌తో నాలుగు గీకుళ్లు, తుప్పును మార్చే మందు ఒక సీసా, చిల్లు మీద ఫైబర్‌గ్లాస్ గుడ్డ, ఆ పైన నల్లటి అండర్‌సీల్ రెండు డబ్బాలు. తర్వాత షరా మామూలుగా రెండు ఫోటోలు పక్కపక్కన. మొదటిదాంట్లో పెచ్చులూడుతున్న గోధుమరంగు, రెండోదాంట్లో నీలమేఘశ్యామ వర్ణం. చూసినవాళ్లంతా 'బడ్జెట్ రిస్టోరేషన్' అంటూ చప్పట్లు. తుప్పు కంటికి కనబడకపోతే తుప్పు లేనట్టే అన్న సిద్ధాంతం ఇంత సులువుగా చెల్లుబాటవుతుందని ఇన్నాళ్లూ ఎవరికీ తట్టకపోవడం ఆశ్చర్యమే.

ఈ వైద్యం దీని ముందుతరం ఎమ్‌జీఏకి చేసినా పెద్దగా గొడవ ఉండేది కాదు. దానికి ఛాసీ విడిగా ఉంది. కాళ్లకింద ఉండేవి ప్లైవుడ్ పలకలు. పలక కుళ్లితే ఇంకోటి కోసి బిగించుకోవడమే. 1962లో ఆబింగ్డన్ ఫ్యాక్టరీ నుంచి ఎమ్‌జీబీ వచ్చేసరికి ఆ విడి ఛాసీ పోయింది. రేకులన్నీ కలిపి వెల్డ్ చేసిన బాడీయే బండి బరువంతా మోయాలి. పైకప్పున్న కారులో ఆ భారాన్ని కప్పు, దాని స్తంభాలు కొంత పంచుకుంటాయి. గట్టి కప్పు లేని రోడ్‌స్టర్‌కి ఆ భాగ్యం లేదు. మూత కోసేసిన అట్టపెట్టెను రెండు చివరలా పట్టుకుని మెలిపెడితే ఏమవుతుందో, అడుగు బలహీనపడిన రోడ్‌స్టర్‌కి గుంతల రోడ్డు మీద అదే అవుతుంది. ఆ మెలిక ఆపడానికే తలుపుల కింద అటూ ఇటూ సిల్స్ పెట్టారు. బయటి సిల్, లోపలి సిల్, నడుమ ఒక నిలువు రేకు, కింద క్యాజిల్ సెక్షన్ అనే మడతల రేకు, ఇవన్నీ కలిస్తే ఒక మూసిన దూలం. అడుగు రేకు అంచు అతుక్కుని ఉండేది ఆ దూలానికే. తుప్పు పుట్టేది కూడా సరిగ్గా ఆ అంచునే.

అదీ కిందినుంచి కాదు, ఎక్కువగా లోపలినుంచి. ముందు చక్రాల వెనక మట్టి పేరుకుని సిల్ మొదలును తినేస్తుంది. హీటర్ కింది డ్రెయిన్ గొట్టం ఆకులతో పూడితే ఆ నీళ్లు కాళ్ల దగ్గరికి దిగుతాయి. గుడ్డ టాప్ కారుతుంది, తడిసిన కార్పెట్ రోజుల తరబడి ఆరదు. చలికాలంలో రోడ్ల మీద చల్లడానికి చెషైర్‌లోని విన్స్‌ఫర్డ్ గనిలాంటి చోట్ల నుంచి వచ్చే ఉప్పు మిగతా పని కానిస్తుంది. పైన కార్పెట్ కింద రేకు కుళ్లుతుంటే మన నిపుణుడు కారు కింద వెల్లకిలా పడుకుని రంగు వేస్తున్నాడు. పైన పటారం లోన లొటారం అంటారు గానీ, ఇక్కడ పటారమంతా కిందే.

అండర్‌సీల్ దగ్గర కాస్త ఆగాలి, ఈ వైద్యంలో సంజీవని అదే కాబట్టి. శుభ్రమైన, గట్టి రేకు మీద పూస్తే రాళ్ల దెబ్బ, తడి తగలకుండా అది కాపాడుతుంది. దాన్ని కనిపెట్టింది అందుకే. తుప్పు మీద పూస్తే మాత్రం కథ అడ్డం తిరుగుతుంది. తుప్పుకు సందులెక్కువ. ఆ సందుల్లో తడీ ఉంటుంది, ఉప్పూ ఉంటుంది. ఇనుము తుప్పుగా మారితే ముందున్న చోటుకి కొన్ని రెట్లు చోటు కావాలి. కాబట్టి లోపలి పొర ఉబ్బుతుంది, పై పూత లేస్తుంది, ఎండి పగుళ్లిస్తుంది. ఆ పగుళ్లలోంచి నీళ్లు లోపలికి పాకుతాయి, బయటికి రావడానికి దారుండదు. అంతవరకు గాలికి ఎంతో కొంత ఆరుతూ వచ్చిన రేకుకు ఆ అవకాశమూ పోతుంది. ఇంత ఖర్చుపెట్టి సాధించింది ఏమిటయ్యా అంటే, తుప్పుకు ఒక ఇల్లు కట్టి ఇవ్వడం.

ఇక అండర్‌సీల్ కింద రాసే ఆ తుప్పును మార్చే మందు సంగతి. టానిక్ ఆమ్లమో ఫాస్ఫారిక్ ఆమ్లమో పైపొర తుప్పుతో కలిసి గట్టి సమ్మేళనంగా మారే మాట నిజమే. పోయిన ఇనుమును తిరిగి తెచ్చే మందు మాత్రం ఇంకా పుట్టలేదు. ఈ రేకు మందం మొదటే ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ. అందులో సగం పోయాక మందు రాస్తే మిగిలేది మందు రాసిన అర మిల్లీమీటరు. ఫైబర్‌గ్లాస్ రెజిన్ తుప్పుకు అంటుకుంటుంది, తుప్పు రేకుకు అంటుకోదు. ఇక సిల్స్ లోపల ఫోమ్ నింపేవాళ్లు, చిల్లు మీద అల్యూమినియం రేకు పెట్టి రివెట్లు కొట్టేవాళ్లు వేరే శాఖ. బ్యాటరీకి తగిలిస్తే తుప్పే పట్టదనే ఎలక్ట్రానిక్ డబ్బా ఇంకో వింత. అలాంటి సూత్రంతోనే విశాఖ రేవులో ఓడ అడుగున జింక్ ముక్కలు పనిచేసేది ఓడ సముద్రంలో మునిగి ఉంటుంది కాబట్టి. కారు రోడ్డు మీద తిరుగుతుంది.

మళ్లీ అండర్‌సీల్ దగ్గరికే వద్దాం. ఇప్పుడు అమ్మకపు ప్రకటనల్లో 'కొత్తగా అండర్‌సీల్ చేయించాం' అన్నది ఒక బిరుదు. ఆ నలుపు కింద ఏముందో చెప్పే ప్రకటన ఉండదు. ఒకప్పుడు ఎమ్‌ఓటీ అనే ఏటేటా వాహన తనిఖీ భయమైనా ఉండేది. సీటుబెల్టు, సస్పెన్షన్ బిగించే చోట్ల నుంచి 30 సెంటీమీటర్ల లోపు రేకు తుప్పుతో బాగా బలహీనపడితే బండి ఫెయిల్. ఆ మేరలో ఫైబర్‌గ్లాస్ అతుకు, లప్పం చెల్లవు. అప్పుడు కూడా తనిఖీదారుకు కార్పెట్ ఎత్తే పని లేదు, దళసరి పూత గీకే పని లేదు. 2018 మే 20 నుంచి ఆ కాస్త భయమూ తీరింది. నలభై ఏళ్లు దాటి, పెద్ద మార్పులు జరగని కారుకు తనిఖీయే అక్కర్లేదు. ప్రభుత్వం అభిప్రాయాలు అడిగితే ఎక్కువమంది వద్దన్నారు, అయినా మినహాయింపు వచ్చింది. పాత కార్ల యజమానులు బండిని శ్రద్ధగా చూసుకుంటారట! ఎమ్‌జీబీ తయారీ 1980లోనే ఆగిపోయింది. అంటే దాదాపు ప్రతి ఎమ్‌జీబీ ఇప్పుడు యజమాని శ్రద్ధ మీదే నడుస్తోంది. ఆ శ్రద్ధ డబ్బాలో దొరుకుతోంది.

ఇక్కడితో హాస్యం చాలు. కుళ్లిన రేకుకు మసిబూసి మారేడుకాయ చేసి ఇంకొకరికి అంటగట్టడం పొదుపు కాదు, మోసం. ఆ రేకు పైన మనుషులు కూర్చుంటారు. సీటు బోల్టులు, బెల్టు కొక్కేలు పట్టుకోవాల్సింది ఆ చుట్టుపక్కల లోహాన్నే. గుద్దుకున్న క్షణంలో రెజిన్, రబ్బరు ఎవరినీ ఆపవు. ఎమ్‌ఓటీ మినహాయింపు ఉన్నంత మాత్రాన ప్రమాదకరమైన బండిని నడిపే హక్కు రాదు. రోడ్డు మీదికి పనికిరాని స్థితిలో ఉన్న బండిని అమ్మడం 1988 నాటి రోడ్ ట్రాఫిక్ చట్టం 75వ సెక్షన్ ప్రకారం నేరం. ఆ చట్టం గురించి ఈ వారాంతపు వైద్యులు విన్నట్టు లేదు.

డబ్బు లేనివాడు ఏం చెయ్యాలి అంటారు. న్యాయమైన ప్రశ్నే, కానీ దాని జవాబు డబ్బాలో లేదు. ఎమ్‌జీబీ విడి రేకులు ఇప్పటికీ కొత్తవి దొరుకుతాయి. 1988 నుంచి పూర్తి బాడీ షెల్‌నే కొత్తగా తయారు చేస్తున్నారు. రేకు కన్నా ఖరీదైంది వెల్డర్ సమయం. సీట్లు, కార్పెట్ తీయడం, వైర్లూ పెట్రోలు పైపులూ పక్కకు తప్పించడం, గ్రైండర్‌తో మెరిసే లోహం దాకా గీకడం, ఇవన్నీ సొంత చేతులతో చేసుకుంటే మిగిలేది వెల్డింగ్ ఒక్కటే. ఒకసారి ఒక పక్కే కోయాలి. కోసే ముందు తలుపు ఖాళీకి అడ్డంగా ఇనుప కమ్మీ బిగించాలి, లేకపోతే పని అయ్యాక తలుపు పడదు. వెల్డ్ అయ్యాక ప్రైమర్, అతుకుల్లో సీలర్, సిల్స్ లోపల మైనం. అన్నిటికన్నా ముందు నీళ్లొచ్చే దారి మూయాలి. పూడిన డ్రెయిన్ గొట్టం శుభ్రం చేయడానికి పైసా ఖర్చు లేదు. ఇంత చేసి, ఆపైన అండర్‌సీల్ పూసుకుంటే ఎవరికీ అభ్యంతరం లేదు. అదీ కుదరనివాళ్లు కుదిరేదాకా బండిని షెడ్డులోనే ఉంచాలి.

ఎండ కాసిన ఆదివారాలు మాత్రమే నడుపుతాం కదా అనేది ఇంకో వాదన. తడిసిన కార్పెట్ కింద తుప్పు ఆదివారం కోసం ఆగదు. ఎదుటి లారీ కూడా వారం వర్జ్యం చూసుకుని రాదు.

కొనబోయేవాళ్లకు ఒక మాట. ముందు కార్పెట్ ఎత్తి చూడండి. అమ్మేవాడి ఎదుటే, అతని అనుమతితోనే, స్క్రూడ్రైవర్ పిడితో అడుగు రేకు అంచునా సిల్స్ మీదా తట్టండి. గట్టి రేకు ఖంగుమంటుంది, కుళ్లింది మెత్తగా పలుకుతుంది. జాకీ వేసి ఎత్తించి తలుపు తెరిచి వేయండి. సందు మారినా, తలుపు పట్టేసినా దూలం పోయినట్టే. అడుగంతా నిగనిగలాడే కొత్త నలుపుంటే, పూయకముందు తీసిన ఫోటోలు, వెల్డింగ్ బిల్లు అడగండి. రెండూ చూపించలేకపోతే ఆ కారు కొనకండి, ఎంత చవకైనా సరే.