సున్నా కొవ్వు, నిండు ధర

వెన్న తీసిన పాలను తోడుపెట్టి, గడ్డకట్టాక గుడ్డలోనో యంత్రంలోనో నీరు వడగడితే మిగిలే ముద్దే కొవ్వులేని సాదా గ్రీకు పెరుగు. వంద గ్రాముల ముద్దలో సుమారు 59 కిలోక్యాలరీలు, 10 గ్రాముల ప్రొటీన్, మూడున్నర గ్రాముల పిండిపదార్థం, 110 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటాయి. కొవ్వు అర గ్రాము కూడా ఉండదు. పీచు లేదు. విడిగా కలిపితే తప్ప విటమిన్ డి కూడా లేదు. శాస్త్రం చెప్పేది ఇంతే. మిగతాదంతా ప్రచారం చెబుతుంది. దాని ప్రకారం ఈ ముద్ద కండ పెంచుతుంది, పొట్ట కరిగిస్తుంది, పేగులు శుద్ధి చేస్తుంది, మొహానికి మెరుపు తెస్తుంది. పొలం దున్నుతుందని మాత్రమే ఇంకా రాయలేదు.

ఈ సరుకు మర్మం తెలియాలంటే నిజామాబాద్ జిల్లా వర్ని వైపు ఒక బర్రెను చూడాలి. 1931లో నిజాంసాగర్ పూర్తయి మంజీర నీళ్లు కాలువల్లోకి వచ్చాక, కోస్తా జిల్లాల రైతులు ఇక్కడికి వచ్చి క్యాంపులు కట్టుకున్నారు. వరి, చెరుకు వేశారు. వరి ఉన్నచోట గడ్డి, గడ్డి ఉన్నచోట బర్రె. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార పట్టికల ప్రకారం వంద గ్రాముల బర్రె పాలలో సుమారు 6.6 గ్రాముల కొవ్వు, 3.7 గ్రాముల ప్రొటీన్ ఉంటాయి. పాల కేంద్రంలో ధర కట్టేది ప్రధానంగా ఆ కొవ్వు మీదే. మిషన్‌లో ఫ్యాట్ తగ్గితే లీటరు రేటు తగ్గుతుంది. రైతు దాణా మార్చి చూస్తాడు, గడ్డి మార్చి చూస్తాడు, చివరికి బర్రెనే అనుమానంగా చూస్తాడు.

అవే పాలు పట్నంలో కప్పులోకి చేరేసరికి లెక్క తిరగబడుతుంది. ఇక్కడ ఫ్యాట్ సున్నా అయితేనే రేటు. పొద్దున బర్రె కింద బహుమానం అందుకున్న వెన్నకు సాయంత్రానికి సూపర్‌మార్కెట్‌లో బహిష్కారం. డెయిరీ ఆ వెన్నను పారబోస్తుందని మాత్రం ఎవరూ బెంగపడనక్కర్లేదు. అది నెయ్యిగా మారి పక్క అల్మారాలోనే దర్జాగా కూర్చుంటుంది. ఉన్న కొవ్వుకు ఒక ధర, లేని కొవ్వుకు ఇంకో ధర. వ్యాపారశాస్త్రంలో ఇంతకు మించిన చిలకడం లేదు.

ఇండ్లలో చిలకడం వేరే తీరు. పెరుగును కవ్వంతో చిలికి వెన్న తీస్తే మిగిలేది సల్ల. క్యాంపుల వాళ్లకు మజ్జిగ. కొవ్వు చాలావరకు పోయి ప్రొటీన్, కాల్షియం మిగిలిన పదార్థమే అదీ, కాకపోతే నీళ్లు ఎక్కువ. జొన్న గటకలో పోసుకున్నది పోగా మిగిలింది పొరుగింటి వాళ్లకు ఊరికే పోసేవారు. దాన్ని అడగడానికి వెళ్లి సిగ్గుపడ్డవాళ్ల మీదే సల్లకొచ్చి ముంత దాచిన సామెత పుట్టింది. కంపెనీలకు ఆ మొహమాటం లేదు. ముంతకు కూడా ధర కలిపి వసూలు చేస్తాయి.

పెరుగును మూటగట్టి వేలాడదీయడం గ్రీసు కనిపెట్టిన విద్య కూడా కాదు. బోధన్ దాటి దెగ్లూరు, బిలోలి వైపు మరాఠీ ఇండ్లలో అది చక్కా. చక్కెర కలిపితే శ్రీఖండ్. భారత ఆహార ప్రమాణాల్లో వెన్న తీసిన పాల చక్కాకు విడిగా ఒక వర్గమే ఉంది. ఈ జిల్లా నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లు అక్కడ ఖుబూస్ రొట్టెతో అద్దుకున్న లబ్నే కూడా ఈ కుటుంబానిదే. అమెరికాలో ఈ పెరుగుకు ఊపు తెచ్చిన చోబానీ 2007లో న్యూయార్క్ రాష్ట్రంలో అమ్మకం మొదలుపెట్టింది. పెట్టినవాడు తుర్కియేలో పుట్టిన హమ్దీ ఉలుకాయ. ఆ సరుకు బ్రిటన్‌కు చేరగానే ఏథెన్స్‌లో పుట్టిన ఫాయే కంపెనీ కోర్టుకెక్కింది. గ్రీసులో తయారుకానిది గ్రీకు పెరుగు పేరుతో అమ్మరాదని 2013లో లండన్ న్యాయస్థానం తీర్పు చెప్పింది. 2014లో అప్పీలు కోర్టూ అదే ఖాయం చేసింది. హైదరాబాద్ అల్మారాల్లో ఆ పేరుకు అలాంటి అడ్డంకి కనబడదు.

ఇక అసలు గొప్ప, ప్రొటీన్. అది ఎక్కడినుంచో దిగిరాలేదు. నీరు పోయింది, ఉన్నది చిక్కబడింది. వర్ని పక్క రుద్రూరులో వ్యవసాయ విశ్వవిద్యాలయపు ఆహార సాంకేతిక కళాశాల ఉంది. అలాంటి తరగతి గదిలో ఇది ఒక్క వాక్యంలో తేలిపోయే సంగతి. కిలో ముద్దకు మూడు నాలుగు కిలోల పాలు కావాలి. వడగట్టిన తేటతో పాలచక్కెర కొంత పోతుంది, అది మేలే. దాని వెంటే కాల్షియం, పొటాషియం కూడా పోతాయి. వడగట్టని వెన్నలేని పెరుగులో వంద గ్రాములకు దాదాపు 200 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే, వడగట్టినదాంట్లో 110. అయినా ఎముకల బలం పేరు చెప్పి అమ్మేది రెండోదాన్నే. ఆ పులిసిన తేట వాగుల్లో కలిస్తే నీటిలో ఆక్సిజన్ హరించుకుపోయి చేపలు చస్తాయి. న్యూయార్క్ డెయిరీలకు దాన్ని వదిలించుకోవడమే ఒక పని అయింది. కొందరు తయారీదారులు ఈ తంటా లేకుండా పాల ప్రొటీన్ పొడి కలిపి చిక్కబరుస్తారు.

న్యాయంగా చెప్పాలంటే 59 కిలోక్యాలరీలకు 10 గ్రాముల ప్రొటీన్ చిన్న విషయం కాదు. చిక్కటి బర్రె పెరుగుతో అంత ప్రొటీన్ రావాలంటే 270 గ్రాములు తినాలి; దాంతో 290 దాకా కిలోక్యాలరీలు, 18 గ్రాముల కొవ్వు వస్తాయి. ఆకలి మందగించిన ముసలివాళ్లకు, బరువు తగ్గమని డాక్టరు చెప్పినవాళ్లకు, చక్కెర జబ్బున్నవాళ్లకు ఈ తేడా పనికొస్తుంది. మాంసం ముట్టనివాళ్లకు దొరికే బి12 అదనం. అంత ప్రొటీన్ రెండు కోడిగుడ్లతోనూ వస్తుంది, కాకపోతే కొవ్వు తప్పదు. తెలంగాణ అంగన్‌వాడీల్లో 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు భోజనంతో పాటు గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు పెడుతున్నారు. వాటి మీద మొహం మెరుపు గురించి ఏమీ రాసి ఉండదు.

పెరుగుతో ఆయువు పెరుగుతుందన్న ప్రచారానికి మూలపురుషుడు నోబెల్ గ్రహీత ఎలీ మెచ్నికోవ్. బల్గేరియా పల్లెవాసుల దీర్ఘాయువుకు పులిసిన పాలే కారణమని నమ్మి, తానూ రోజూ తాగాడు. 1916లో 71 ఏళ్ల వయసులో పోయాడు. ప్రచారం ఇంకా బతికే ఉంది.

సాదా ముద్ద పుల్లగా ఉంటుంది కనుక తినేవాళ్లు తేనె పోస్తారు, లేదా చక్కెర కలిపిన మామిడి రకం కొంటారు. 1937లో స్థాపించిన బోధన్ నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతబడింది. చక్కెరకు మాత్రం ఆరోగ్యపు కప్పులో కొత్త కొలువు దొరికింది.

భారత వైద్య పరిశోధన మండలి లెక్కలో 65 కిలోల మగమనిషికి రోజుకు 54 గ్రాముల ప్రొటీన్ చాలు. అదంతా ఈ కప్పులతోనే పూర్తి చేయాలనుకునే భక్తుడు 540 గ్రాములు తినాలి. దానికి దాదాపు రెండు లీటర్ల పాలు కావాలి. అవి బర్రెపాలైతే తీసేసిన కొవ్వు 130 గ్రాముల దాకా ఉంటుంది. ఆ కొవ్వు నెయ్యి డబ్బాలో అదే ఇంటికి చేరి పప్పన్నంలోకి దిగుతుంది. బిల్లు మాత్రం వేరే.