ఆవకాయ నిర్దోషి

రాత్రి రెండు దాటాక దిగ్గున లేచి కూర్చున్నాను. గొంతులో పులుపు, గుండెల్లో కొరివి. మా ఆవిడ కళ్ళు కూడా తెరవకుండా తీర్పు చెప్పేసింది: "ఆవకాయ."

ఆర్నెల్లుగా మా ఇంట్లో ఇదే కోర్టు. మొదట మిర్చి బజ్జీకి శిక్ష పడింది, తర్వాత గోంగూరకి, ఆపైన రెండో కాఫీకి. అన్నీ నన్ను వదిలి వెళ్ళిపోయాయి గానీ మంట మాత్రం కదల్లేదు. ఆఖరికి ఒట్టి పెరుగన్నం తిన్న రాత్రి కూడా వచ్చింది. పెరుగన్నం మీద నేరం మోపడానికి ఆవిడకీ నోరు రాలేదు.

మనవాళ్ళకి ఛాతీలో ఏమొచ్చినా రెండే పేర్లు. ఎదుటివాడికొస్తే గ్యాసు, తనకొస్తే గుండెపోటు. నాది రెండోదేనని ఖాయం చేసుకుని, బీమా కాగితాలు ఏ బీరువాలో ఉన్నాయో ఆవిడకి చెప్పి మరీ ఆసుపత్రికి వెళ్ళాను. (రావడం మంచిదే అన్నారు డాక్టరుగారు. చెమటలు పట్టి, నొప్పి చేతికి పాకుతుంటే సోడా తాగి ఇంట్లో కూర్చోకూడదట.) ఈసీజీ బాగానే ఉంది. ఇక నేనేం తిన్నానో అడుగుతారనుకున్నాను. "బెల్టు ఎన్నో కన్నానికి పెడుతున్నారు?" అన్నారు.

ఆఖరి కన్నం తర్వాత మేకుతో నేను సొంతంగా పొడుచుకున్న కన్నం సంగతి ఈయనకెవరు చెప్పారు?

టేపు తీశారు. 104 సెంటీమీటర్లు. మన దేశపు మగవాళ్ళకి 90 దాటకూడదట. తర్వాత ఓ ప్రశ్న వేశారు: "హోటల్లో సాంబారు పార్సిల్ కడతారు చూడండి, ఆ కవరుని అడుగున నొక్కితే ఏమవుతుంది?"

"ముడి దగ్గర కారుతుంది."

"అదే మీ జబ్బు."

అన్నవాహిక వచ్చి జీర్ణాశయంలో కలిసేచోట ఓ కండరం ముడిలా ఉంటుందట. ముద్ద దిగేటప్పుడు వదులై, మళ్ళీ బిగుసుకుంటుంది. పొట్టలో పేరుకున్న కొవ్వు రాత్రీపగలూ జీర్ణాశయాన్ని నొక్కుతుంటే ఆ ముడి మాత్రం ఎన్నాళ్ళని కాస్తుంది? కొందరికైతే జీర్ణాశయం పైభాగమే డయాఫ్రం సందులోంచి ఛాతీలోకి తొంగిచూస్తుందట. ఆమ్లానికి కాలిపోకుండా జీర్ణాశయానికి లోపల జిగురు పూత ఉంది. అన్నవాహికకి ఆ భాగ్యం లేదు. పైకి తన్నిన పులుపు దానికి తగిలినప్పుడే మనం ఆవకాయని తిడతాం.

"మా బావమరిది చీపురుపుల్లలా ఉంటాడు, వాడికీ ఉందే?" అని అడ్డం తిరిగాను.

"ఉండొచ్చు. కారణం ఒక్కటే కాదు. కొందరికి కారమూ పడదు. కానీ నేను కొలిచింది మీ బావమరిదిని కాదు."

2006లో అమెరికాలో అచ్చయిన ఓ పరిశోధన సంగతీ చెప్పారు. పదివేలమందికి పైగా ఆడవాళ్ళ మీద చేశారట. బీఎంఐ మూడున్నర పాయింట్లకి మించి పెరిగినవాళ్ళకి, అంతకుముందు మామూలు బరువే ఉన్నా సరే, ఈ బాధ తరచూ వచ్చే అవకాశం ఇంచుమించు మూడింతలైందట. నా ఐదడుగుల ఆరంగుళాలకి లెక్కేస్తే అది దాదాపు పది కిలోలు, అంటే ఒక చిన్న సోనామసూరి సంచి. పెళ్ళినాటికి నేను 58, ఇప్పుడు 86. రోజూ రెండు సంచులూ, పైన కొసరు బియ్యమూ పొట్టమీద పెట్టుకుని పడుకుంటున్నానన్నమాట. కొట్టునుంచి ఒక్క సంచి తేవాలంటే ఆటో పిలిచేవాణ్ణి.

ఇక ఆయన చెప్పిన వైద్యం: టిఫిన్‌కి అరగంట ముందు మాత్ర. పడకకి మూడు గంటల ముందే భోజనం. తలవైపు మంచం ఆరంగుళాలు ఎత్తు. దిండ్లు పేర్చుకుంటే నడుం మడతపడి పొట్ట ఇంకా నొక్కుకుంటుందట. అందుకని పక్కింటి ప్రహరీకి తెచ్చిన ఇటుకలు నాలుగు అడిగి తెచ్చాను. తెల్లారేసరికి మేమిద్దరం, దుప్పటితో సహా, కాళ్ళవైపు పోగుపడి ఉన్నాం. ఎడమవైపు తిరిగి పడుకుంటే పులుపు తక్కువ ఎగదంతుందనీ చెప్పారు. మా ఇంట్లో ఎడమవైపు గోడ, కుడివైపు ఆవిడ.

"ఇది డాక్టరు చెప్పాడా, మీరు కల్పించారా?" అంది.

ఐదు నెలల్లో ఏడు కిలోలు తగ్గాను. మేకుతో పొడిచిన కన్నం ఖాళీ అయింది, మంట వారానికోసారి చుట్టపుచూపుగా వచ్చి పోతోంది. ఈలోగా కొత్తావకాయ కలిపారు. ధైర్యం చేసి మా ఆవిడ ముందు వాదించాను: ఇన్నాళ్ళూ అన్యాయంగా దాన్ని జైల్లో పెట్టాం, దోషి పొట్ట, ఆవకాయ నిర్దోషి.

ఆవిడ జాడీ తెచ్చి ఒక ముక్క వేసింది. గరిటెడు అన్నం పెట్టింది. నెయ్యి చుక్క లెక్కన వడ్డించింది. కలుపుకుని కళ్ళు మూసుకుని తిన్నాను. ముక్క ఇంకా సగం ఉంది, అన్నం అయిపోయింది. చెయ్యి దానంతటదే గిన్నెవైపు వెళ్ళింది.

"ఆ పొట్టకి అన్నాన్ని పిలుచుకొచ్చిందెవరు మరి?" అంటూ గిన్నె పక్కకి జరిపింది.