కాలేజీని కిస్తీతో కొలవండి: తిరగేసిన సలహాలు

ఈఏపీసెట్ ర్యాంకులు వచ్చేనాటికి మా నల్లరేగడి ఊళ్ళలో మిరప కోతలు అయిపోతాయి. కొంత కాయ గుంటూరు యార్డులో అమ్ముడుపోయి ఉంటుంది, కొంత కోల్డ్ స్టోరేజీలో రేటు కోసం ఎదురుచూస్తుంటుంది. సరిగ్గా అప్పుడే కాలేజీల పీఆర్వోలు ఇంటి గుమ్మంలోకి వస్తారు. రంగుల పుస్తకం విప్పి బొమ్మలు చూపిస్తారు. తేజ రకమా, 334 రకమా అని కాయ చూసి చెప్పగల రైతు ఆ పుస్తకం ముందు మాత్రం తలూపి సంతకం పెడతాడు.

చిలకలూరిపేట వైపు ఒక బ్యాంకు శాఖలో నేను చాలా ఏళ్ళు విద్యారుణాల ఫైళ్ళు చూశాను. ఆ ఫైళ్ళు నాకు నేర్పినదొక్కటే. చదువుకు అప్పు చేసిన పిల్లల్లో ఎంతమంది తమ సంపాదనతో ఆ అప్పు తీర్చుకోగలిగారు అన్నదే కాలేజీకి అసలు మార్కు. కింది సలహాలన్నీ ఆ ఒక్క మార్కు చుట్టూ తిరిగేవే. మీ బంధువులు వీటిని తలకిందుల సలహాలంటారు. అన్నా సరే, ఒకసారి వినండి.

1. ముందు కాలేజీకి వెళ్ళకండి, బ్యాంకుకు వెళ్ళండి

కాలేజీ గేటు, ఏసీ ల్యాబు, బస్సుల వరస చూశాక మనసు ఎటో ఒకవైపు మొగ్గిపోతుంది. ఆ తర్వాత ఏ లెక్కా చెవికెక్కదు. అందుకే మొదట బ్యాంకు మెట్లెక్కండి. బ్యాంకులు కాలేజీలను ఎప్పుడో తూకం వేసుకున్నాయి. స్టేట్ బ్యాంకు స్కాలర్ లోన్ పథకంలో ఎంపిక చేసిన సంస్థలను వేర్వేరు జాబితాలుగా విడదీసి పెట్టారు. ఏ జాబితాలో ఉంటే ఆ షరతులు. మేనేజరు గారు ఎవరి ఖాతా వివరాలూ మీకు చెప్పరు, చెప్పకూడదు కూడా. మీరు అడగాల్సింది వేరే: "అయ్యా, ఈ కాలేజీలో చేరే పిల్లలకు మీరు సంతోషంగా అప్పిస్తారా, ఆలోచించి ఇస్తారా?" జవాబుకు ముందు ఆయన ఎంతసేపు ఆగాడో గమనించండి. అదీ సమాచారమే.

2. చేతిలో డబ్బున్నా అప్పు తీసుకోండి

కన్వీనర్ కోటా సీటుకు ప్రభుత్వం ఫీజు ఇచ్చినా హాస్టలు, మెస్సు, ల్యాప్‌టాప్ ఖర్చులు ఇంటిమీదే పడతాయి. మేనేజ్‌మెంట్ సీటైతే మొత్తం భారం మీదే. చాలామంది మిర్చి డబ్బు పోసి, చాలకపోతే కమీషన్ కొట్టులో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తారు. దాన్ని అప్పు అనరు, సర్దుబాటు అంటారు.

ఏడాదికి లక్ష చొప్పున నాలుగేళ్ళు, మొత్తం 4 లక్షలు అనుకుందాం. చదువు నాలుగేళ్ళు, ఆపైన ఏడాది ఆగితే, 10 శాతం సాధారణ వడ్డీకి బ్యాంకులో 1.40 లక్షల వడ్డీ పేరుకుంటుంది. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం, అదే కాలానికి 3.36 లక్షలు. తేడా దాదాపు రెండు లక్షలు. అంతకన్నా పెద్ద తేడా ఇంకొకటుంది. కమీషన్ వ్యాపారి మీ పొలం చూసి ఇస్తాడు, బ్యాంకు కాలేజీని కూడా చూసి ఇస్తుంది. డబ్బున్న రైతు సొంత డబ్బు పోసేస్తే, ఆ కాలేజీ గురించి ప్రశ్న అడిగే మూడో మనిషే ఉండడు. కాబట్టి కొంతైనా అప్పు పిల్లవాడి పేరున తీసుకోండి. మీ డబ్బును డిపాజిట్ చేసి, చదువుకునే కాలంలోనే వడ్డీ కట్టేయండి. అలా కట్టేవారికి వడ్డీలో ఒక శాతం రాయితీ ఇవ్వొచ్చని బ్యాంకుల సంఘం (ఐబీఏ) విద్యారుణాల నమూనా పథకం చెబుతోంది.

3. బ్యాంకు కాదంటే సంతోషించండి

ఆ నమూనా పథకం 2001 నుంచి ఉంది. 4 లక్షల వరకు తాకట్టూ అక్కర్లేదు, బయటి హామీదారుడూ అక్కర్లేదు. అంత సులువైన అప్పుకే బ్యాంకు వెనకాడిందంటే కారణం కనుక్కోండి. నిరాకరణకు పై అధికారి సమ్మతి ఉండాలి, కారణం విద్యార్థికి తెలపాలి. కాబట్టి రాతపూర్వకంగా అడగండి. కాగితాల లోపమైతే దిద్దుకోవచ్చు. కాలేజీ మీద నమ్మకం లేకపోవడమే కారణమైతే మాత్రం పైసా ఖర్చు లేకుండా మీకు గొప్ప సలహా దొరికినట్టే. మా శాఖలో ఒకాయన ఇలా కాదనిపించుకుని, పట్టుదలతో ఎకరం అమ్మి కొడుకును అదే కాలేజీలో చేర్చాడు. ఐదేళ్ళ తర్వాత కౌంటర్ దగ్గరకొచ్చి, "సారూ, ఆరోజు మీరు ఇంకొంచెం గట్టిగా కాదనాల్సింది" అన్నాడు. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు.

4. పెద్ద ప్యాకేజీ ఫ్లెక్సీకి వీపు తిప్పండి

యార్డులో కొనేవాడు బస్తా మూతి దగ్గర కాయ చూసి రేటు కట్టడు. బస్తా కడుపులోకి చెయ్యి పెట్టి తీస్తాడు. నాలుగు రోడ్ల కూడలిలో ఫ్లెక్సీ మీద నవ్వే పిల్లవాడు మూతి దగ్గర పోసిన డీలక్స్ కాయ. మధ్యలో ఏముందో, అడుగున తాలు ఎంతుందో చూడాలి.

చూసే దారి ఉంది. కేంద్రం 2016 నుంచి ప్రకటిస్తున్న ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల కోసం కాలేజీలు కొన్ని అంకెలు సమర్పిస్తాయి. ఎంతమంది చేరారు, సకాలంలో ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగాలు వచ్చాయి, వారి మధ్యస్థ జీతం ఎంత అన్నవి అందులో ఉంటాయి. ర్యాంకు వదిలేసి ఈ నాలుగే చూడండి. మధ్యస్థ జీతం ఉద్యోగం వచ్చినవాళ్ళలోనే తీసిన లెక్క. వందమంది చేరి నలభైమందికే ఉద్యోగం వస్తే, ఆ జీతం ఆ నలభైమందిదే. మిగతా అరవైమందీ అడుగున ఉన్న కాయ.

ఇప్పుడు పై లెక్కకు రండి. నాలుగు లక్షలు వడ్డీతో 5.40 లక్షలయ్యాయి. పదేళ్ళలో తీర్చాలంటే నెలకు సుమారు 7,100 రూపాయల కిస్తీ. జీతంలో నాలుగోవంతు మించి కిస్తీకి పోతే హైదరాబాదులో గదికీ తిండికీ ఇబ్బందే. అంటే నెలకు 28,400, ఏడాదికి దాదాపు 3.4 లక్షల జీతం కావాలి. ఆ కాలేజీ మధ్యస్థ జీతం దీనికన్నా తక్కువైతే కిస్తీ మీ చేను మీదకే వస్తుంది.

5. ఎగ్గొట్టినవాణ్ణి వెతుక్కుంటూ వెళ్ళండి

అందరూ టాపర్‌ను సలహా అడుగుతారు. టాపర్ ఏ కాలేజీలో వేసినా మొలిచే విత్తనం. మీరు కిస్తీ ఆగిపోయిన కుర్రవాడి దగ్గరకు వెళ్ళండి. అవమానించడానికి కాదు, అరుగు మీద కూర్చుని టీ తాగుతూ మాట్లాడ్డానికి. "అబ్బాయ్, ఎక్కడ తేడా వచ్చింది?" అనండి. బ్యాక్‌లాగులా, పాఠం చెప్పే మనిషి లేకపోవడమా, క్యాంపస్‌కు వచ్చిన కంపెనీ మూడు నెలలకే పొమ్మనడమా, అన్నీ చెబుతాడు. తొంభై రోజులు కిస్తీ ఆగితే ఖాతా మొండి బాకీ అవుతుంది, రేపు ఏ అప్పుకు వెళ్ళినా అదే ఎదురొస్తుంది. అంత మూల్యం చెల్లించినవాడి మాటకన్నా నమ్మదగిన మాట ఇంకెక్కడ దొరుకుతుంది?

6. తండ్రి తీర్చిన అప్పును తీరనట్టే రాసుకోండి

ఇదే అన్నిటికన్నా ముఖ్యం. బ్యాంకు పుస్తకంలో డబ్బుకు రంగు ఉండదు. కొడుకు జీతంలోంచి వచ్చినా, తండ్రి యార్డులో తీసుకున్న పట్టీలోంచి వచ్చినా జమ జమే. మన జిల్లాల్లో పరువుకు వెరచి తండ్రులు కట్టేస్తారు. ఖాతా శుభ్రంగా ముగుస్తుంది, కాలేజీకి మంచి పేరు మిగులుతుంది. నిజానికి అక్కడ మార్కు పడాల్సింది మిరప చేనుకు.

చేను ఎంతకాలం మోస్తుంది? 1987లో తెల్లదోమ పత్తిని ఊడ్చిపెట్టినప్పుడు గుంటూరు, ప్రకాశం రైతులు ప్రాణాలే తీసుకున్నారు. 2025 ఫిబ్రవరిలో మిర్చి రేటు పడిపోతే కేంద్రం జోక్యం చేసుకుని క్వింటాలుకు 11,781 రూపాయలు ఖరారు చేయాల్సి వచ్చింది. రేటు పడిన ఏడాది కిస్తీ ఆగితే కాలేజీ చెడ్డదైపోదు, రేటు పలికిన ఏడాది కిస్తీ కట్టేస్తే మంచిదీ అయిపోదు. ఎవరైనా "మావాడి అప్పు తీరిపోయింది" అంటే, "ఎవరి చేత్తో కట్టారు బాబాయ్?" అని మెల్లగా అడగండి.

7. నెమ్మదిగా కట్టేవాడికి ఎక్కువ మార్కులు వేయండి

రెండేళ్ళలో అప్పు తీర్చినవాడు గొప్ప, పదిహేనేళ్ళు లాగినవాడు తక్కువ అనుకోకండి. నర్సింగ్ చదివిన అమ్మాయి, ఊరి బడిలో పాఠం చెప్పే కుర్రవాడు నెమ్మదిగానే కడతారు. చూడాల్సింది వేగం కాదు, విడవకపోవడం.

అప్పు చెల్లింపులతో కాలేజీలను కొలవబోయి అమెరికా పడిన తంటాలు మనకు పాఠం. 2015లో అక్కడి ప్రభుత్వం కాలేజ్ స్కోర్‌కార్డ్ కొత్తరూపంలో కాలేజీవారీగా అప్పుల చెల్లింపు లెక్కలు బయటపెట్టింది. అసలులో ఒక్క డాలరు తగ్గినా కడుతున్నట్టే లెక్క వేశారు. 2017 జనవరిలో లెక్కలో పొరపాటు దొర్లిందని, చాలా కాలేజీల అంకెలు ఉన్నదానికన్నా మెరుగ్గా కనిపించాయని విద్యాశాఖే ఒప్పుకుంది. ఐనా అక్కడ ఎగవేతల లెక్కకు పదునుంది. ఒక కాలేజీ విద్యార్థుల్లో ఎగవేతలు వరసగా మూడేళ్ళు 30 శాతానికి చేరినా, ఒక ఏడాది 40 శాతం దాటినా ప్రభుత్వ సాయం పోగొట్టుకునే ప్రమాదం కాలేజీకే. మన దగ్గర శిక్షంతా కుర్రవాడికీ, అప్పు పత్రం మీద కలిసి సంతకం పెట్టిన తండ్రికీ.

8. ఆడపిల్ల కిస్తీని పెళ్ళిచూపుల్లోనే మాట్లాడండి

అప్పు మాటెత్తితే సంబంధం చెడుతుందని దాచిపెడతారు. పెళ్ళయ్యాక అమ్మాయి జీతం ఒక ఇంట్లో, కిస్తీ ఇంకో ఇంట్లో పడుతుంది. ఉద్యోగం మానిపిస్తే అసలు ఆదాయమే ఉండదు. అప్పుడు ఆగిన కిస్తీకి కాలేజీని తప్పుపట్టడం అన్యాయం. "మా అమ్మాయి జీతంలోంచే ఈ అప్పు తీరాలి, అది తీరేదాకా ఉద్యోగం మానదు" అని మొదటి రోజే చెప్పండి. ఆ మాటకు తప్పిపోయే సంబంధాన్ని తప్పిపోనివ్వండి.

9. ఊరి లెక్క ఊరే రాసుకోండి

కాలేజీవారీగా అప్పుల చెల్లింపు లెక్కను మన ముందు పెట్టే పద్ధతి ఇక్కడ లేదు. ఎవరో ఇచ్చేదాకా ఆగకండి. ఊరి గ్రంథాలయంలో ఒక నోటుపుస్తకం పెట్టండి. పేర్లు వద్దు. కాలేజీ, చేరిన ఏడాది, అప్పు ఎంత, ఇంకా ఎంత మిగిలింది, ఇంతవరకు కట్టింది ఎవరి చేతి డబ్బు అని ఐదు గళ్ళు గీయండి. అప్పు తీరినా తీరకపోయినా, చదువుకు అప్పు చేసిన ప్రతి ఇల్లూ ఏటా వచ్చి ఒక వరస రాయాలి. పర్చూరు, మార్టూరు, ప్రత్తిపాడు చుట్టూ పది ఊళ్ళు పదేళ్ళు రాస్తే ఏ కాలేజీ పిల్లలు సొంత కాళ్ళ మీద నిలబడ్డారో తెలిసిపోతుంది.

వచ్చే వేసవిలో పీఆర్వో రంగుల పుస్తకంతో వస్తాడు. కూర్చోబెట్టి మంచినీళ్ళివ్వండి. మీ నోటుపుస్తకం ఆయన చేతికిచ్చి, ఐదో గడిలో తన కాలేజీ వరసలు పైకి చదవమనండి.