ముసలితనం ఎరగని పాలేరు

విక్టోరియా రాణి కాలపు ఇంగ్లండు జనాభా లెక్కల్లో ముసలితనం ఎరగని మనిషి ఒకడున్నాడు. వాడి పేరు ఫార్మ్ సర్వెంట్. అంటే ఏడాది జీతానికి కుదిరి, రైతు ఇంట్లోనే తిని, అక్కడే పడుకునే పెళ్ళికాని పాలేరు. యార్క్‌షైర్ ఈస్ట్ రైడింగ్‌లోని ఏ పెద్ద కమతం పుట తిప్పినా తగులుతాడు. ముందు రైతు, ఆయన ఎకరాలు, ఆయన దగ్గర ఎంతమంది పనివాళ్ళున్నదీ, తరవాత భార్యాబిడ్డలు, వాళ్ళ కింద బారుగా గుర్రపు బళ్ళు తోలే, ఇరవై దాటిన వ్యాగనర్ దొర, వాడి వెనక మీసం మొలుస్తున్న ఇద్దరు, అట్టడుగున పద్నాలుగేళ్ళ బుడతడు. 1851లో ఇదే వరస, 1861లో ఇదే, 1871లోనూ ఇదే. రైతుకు మాత్రం లెక్కకూ లెక్కకూ మధ్య పదేళ్ళూ పడతాయి. (కొందరు ఇల్లాళ్ళకు ఏడే పడతాయి, అది వేరే కథ.) 1841లో పదిహేను దాటినవాళ్ళ వయసును అయిదేళ్ళ మెట్టుకు దించి రాశారు కదా, ఈ నిత్యయౌవనం గుమాస్తాల చలవేమో అని అనుమానం రావచ్చు. కానీ 1851 నుంచి వయసు ఉన్నదున్నట్టు అడిగారు, అయినా మనవాడు పెరగలేదు. పెరగకపోవడానికి కారణం సులువే: పేర్లు చూడండి, ఒక్కటీ పాతది కాదు. పెళ్ళి చేసుకున్నవాడు వేరే గుడిసెలో, వేరే పుటలో, వ్యవసాయ కూలీగా తేలి, అక్కడ మాత్రం శుభ్రంగా ముసలివాడవుతాడు.

ఒకే కప్పు, ఒకే వంట, కాబట్టి పాలేరు ఇంటి బిడ్డతో సమానమని కొందరు మురిసిపోతారు. బిడ్డయితే ఏటేటా ఇల్లు మారతాడా? నవంబరులో మార్టిన్‌మస్ పండగకు గడువు తీరగానే, ఏడాది జీతం ఒక్కసారిగా జేబులో వేసుకుని వీడు డ్రిఫీల్డ్ సంతలోనో బెవర్లీ సంతలోనో నిలబడతాడు. బేరానికొచ్చిన రైతు వీడి కండలు చూస్తాడు. వీడు ఆ రైతింటి వంట సంగతి ఆరా తీస్తాడు. ఉడకబెట్టిన పంది మాంసం ఏ ఇంట్లో మరీ కొవ్వుగా ఉంటుందో, ఏ ఇల్లాలు ‘పై’ (pie) అనే రొట్టెలు పొదుపుగా కోస్తుందో చుట్టుపక్కల కుర్రాళ్ళందరికీ కంఠతా వచ్చు. ఇద్దరికీ కుదిరితే అరచేతిలో బయానా నాణెం పడుతుంది, అంతటితో మళ్ళీ ఏడాది నోటికి తాళం.

ఆ తాళం సంగతే ఎత్తి చూపి, ఇది ఏం స్వేచ్ఛండీ అంటే, నిజమే. 1875 దాకా గడువు మధ్యలో పని వదిలేయడం నేరం, జైలుకూ పంపేవారు. అందుకే వీడు ఏడాది పొడుగునా మింగిన మాటలన్నీ ఆ సంత వారానికి దాచుకుంటాడు. రైతూ తక్కువ తినలేదు, నచ్చనివాణ్ణి మళ్ళీ ఉండమని అడగడు. ఇద్దరూ మర్యాదగానే విడిపోతారు; బిడ్డా తండ్రీ అంత మర్యాదగా విడిపోవడం అరుదు.

ఇంతకీ ఆ నిండు కుటుంబం పుటకెక్కడానికి ముహూర్తమూ కలిసొచ్చింది. 1851లో లెక్క మార్చి 30న తీశారు, 1861లో ఏప్రిల్ 7న; జీతగాళ్ళు కట్టుబడి ఉండే నడి ఏడాది అది. మార్టిన్‌మస్ వారంలో తీసి ఉంటే కుర్రాళ్ళంతా అమ్మల దగ్గర తింటూ దొరికేవారు. గుమాస్తాకు నాలుగు వరసల సిరా మిగిలేది, రైతు భార్యకు బోలెడు పంది మాంసం మిగిలేది.