నెష్ పద వ్యాఖ్యానము

మూలము: డోంట్ బి నెష్!

అవతారిక: ఇంగ్లండు నడిమి సీమయందు, నాటింగ్‌హామ్, డెర్బీ ప్రాంతములలో, నవంబరు మాసపు సాయంకాలమున వీధితలుపు వారగా తెరచియుండ, లోనికి దూసుకొనివచ్చు చలిగాలికి వణకి, భుజములు చెవులదాక ముడుచుకొని, 'ఆ తలుపు కొంచెము మూయుదురా' యని వేడుకొను దీనునకు ఇంటివారు ప్రసాదించు సూక్తి యిది.

ప్రతిపదార్థము: డోంట్ = వలదు; బి = అగుట; నెష్ = చలికోర్వని సుకుమారుడవు.

అన్వయము: నీవు చలికోర్వని సుకుమారుడవు కావలదు. తలుపు మూయబోమనుట వ్యంగ్యార్థము.

టీక: ఈ పదము ప్రాచీనాంగ్లమున 'హ్నెషె' యను రూపమున మెత్తనిదను అర్థమునిచ్చుచుండెను. నట్, నెక్ అను పదములకువలెనే దీనికిని కాలక్రమమున ఆదిహకారము లోపించినది. పైబట్ట జారిన పదమునకు చలి యెక్కువగుటలో వింత లేదు. నాలుగవ శతాబ్దమున వెలసిన గోథిక్ బైబిలునందు దీని సోదరపదము, రాజగృహములందు వసించువారు ధరించు మృదువస్త్రములకు విశేషణమై యొప్పుచున్నది.

ఆక్షేపము: మన కావ్యములందు నాయికను శిరీషకుసుమకోమల యనుట స్తుతి కాగా, ఇచట కోమలత్వము నింద యెట్లగును?

సమాధానము: రాజగృహమున వస్త్రమునకు శోభయైన మార్దవము, తెల్లవారకమునుపే గనిలోనికి దిగవలసిన బొగ్గుకూలీల పల్లె చేరుసరికి మనుష్యునికి అపకీర్తి యయ్యెను. గుణమొక్కటియే, ఆశ్రయభేదముచే ఫలభేదము.

ప్రమాణము: 1898 మొదలు 1905 వరకు ఆరు సంపుటములుగా వెలువడిన ఇంగ్లీష్ డయలెక్ట్ డిక్షనరీ యందు ఈ పదము స్థానము బడసినది. తత్కర్త జోసెఫ్ రైట్ యార్క్‌షైరువాడు. బాల్యమున బట్టల మిల్లులో కూలిచేసి, పదునైదేండ్ల ప్రాయము వచ్చువరకు చదువనేర్వక, తుదకు ఆక్స్‌ఫర్డున భాషాశాస్త్రాచార్యపీఠము నధిష్ఠించినవాడు. కూలిజనుల నోటిమాటకు అంతకంటె అధికారియైన సాక్షి దొరకడు.

విశేషము: ఈ విశేషణమును ఎవ్వరును సాధారణముగా తమకు తాము తగిలించుకొనరు, ఎదుటివానికే కట్టబెట్టుదురు. అనువాని చేతులు జేబులలోనే యుండుటను రసజ్ఞులు గమనింతురు గాక.

తాత్పర్యము: చలి యందరికిని సమానము, ఒప్పుకొనుటయందే తారతమ్యము. కావున ఆ సీమకు చదువునకో కొలువునకో వెళ్లు తెలుగువారు ఈ నిందకు వెరవక, ఉన్ని కోటు తొడిగి, తలుపు తామే లేచి మూసికొనవలెను.